చెన్నై ఫ్లాటులోకి పాత సామాను: కొలత మొదలు మెరుగు దాకా

పాత భోషాణమో, పడక కుర్చీయో, ఇత్తడి గంగాళమో కొని ఇల్లు సర్దుకోవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగేవారు ఈమధ్య ఎక్కువయ్యారు. ఇంతకుముందు ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబులన్నీ ఇక్కడ ఒక వరసలో పెడుతున్నాను. చెన్నైలో అద్దె ఫ్లాటులోనో సొంత ఫ్లాటులోనో ఉండే తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని రాసింది ఇది. బంగళా ఉన్నవారికి ఇందులో సగం అక్కర్లేదు.

వరస మాత్రం మార్చకండి. చాలామంది కొనడంతో మొదలుపెట్టి కొలవడంతో ముగిస్తారు. లిఫ్టు ముందు పంచాయతీ అంతా అందువల్లే.

1. ముందు ఇల్లు కొలవండి

టేపు తీసుకుని ఈ కొలతలు అంగుళాల్లో రాసి ఫోనులో ఉంచుకోండి:

• లిఫ్టు తలుపు వెడల్పు, ఎత్తు, లోపలి లోతు
• మెట్ల మలుపు దగ్గర ఖాళీ (లిఫ్టులో పట్టనిది మెట్ల మీదుగానే రావాలి)
• వీధి తలుపు వెడల్పు, తలుపు రెక్క పూర్తిగా తెరిచాక మిగిలేది
• వస్తువు పెట్టదలచిన చోటు పొడవు, లోతు; అక్కడి స్విచ్చి బోర్డు నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది
• గది ఎత్తు. అటక లేదా కింద కట్టిన సీలింగు ఉంటే దాని ఎత్తు

చివరిదాన్ని అందరూ వదిలేస్తారు. బీరువాను పడుకోబెట్టి లోపలికి తెస్తారు, ఆ తర్వాత నిలబెట్టాలి కదా. ఏడడుగుల ఎత్తు, రెండడుగుల లోతు ఉన్న బీరువా లేచి నిలబడేటప్పుడు దాని మూల దాదాపు ఏడడుగుల మూడున్నర అంగుళాల ఎత్తుకు వెళ్తుంది. సీలింగు అంతకంటే కిందికి ఉంటే బీరువా గదిలో పడుకునే ఉంటుంది. పైన కిరీటంలాంటి చెక్కడం ఉన్న బీరువాలకు ఆ భాగం విడిగా ఊడివస్తుందో లేదో కొనేముందే అడగండి. పాతకాలపు వడ్రంగులు పెద్ద వస్తువులను చాలావరకు విడదీసేట్టే చేశారు.

2. ఏది ఎందుకో రాసుకోండి

జాబితాలో అయిదు వస్తువులు దాటకూడదు. ప్రతి వస్తువు పక్కన అది ఇంట్లో చేయబోయే పని రాయండి. భోషాణం: దుప్పట్లు దాచడానికి, పైన కూర్చోవడానికి. చిలక్కొయ్యలు: గుమ్మం పక్కన సంచులు, తాళంచెవులు తగిలించడానికి. సోల, తవ్వ, గిద్ద లాంటి పాత కొలపాత్రలు: బల్ల మీద పెన్నులకు, కత్తెరకు. పక్కన ఏ పనీ రాయలేకపోతే ఆ వస్తువు కొట్టేయండి. పని లేని పాత వస్తువు మీద ఆరు నెలలకు దుమ్ము, ఏడాదికి విసుగు పేరుకుంటాయి.

ఫొటోల్లో చూసి నచ్చినవాటిని నిజంగా పక్కన నిలబడి చూడాలంటే తూర్పు తీర రహదారి మీద ముట్టుకాడులో ఉన్న దక్షిణచిత్రకు ఒక పూట వెళ్లిరండి. 1996లో తెరిచిన ఈ ప్రదర్శనశాలలో చెట్టినాడు ఇల్లు సహా దక్షిణాది పాత ఇళ్లను ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఉయ్యాల బల్ల ఎంత చోటు తింటుందో, పందిరి మంచం ఎంత ఎత్తుంటుందో అక్కడ కళ్లకు కడుతుంది. మంగళవారం సెలవు.

3. తోడుగా ఎవరిని తీసుకెళ్లాలి

ఒంటరిగా వెళ్లకండి. బరువులు మోయడానికి అని కాదు. మనం మోజు పడినప్పుడు వద్దనే మనిషి పక్కన ఉండాలి. అందుకని అభిరుచి కలిసే స్నేహితురాలికంటే, కలవని స్నేహితురాలే మేలు. నాకు తెలిసినామె ఒకామె ఉంది, కొట్టులో కాలు పెట్టగానే "అబ్బ, ఎంత బాగుందే!" అంటుంది. ధర అక్కడికక్కడే పెరుగుతుంది. అలాంటివారిని సినిమాకు తీసుకెళ్లండి.

బయలుదేరేముందే నాలుగు మాటలు అనుకోవాలి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, ఇత్తడి పెట్టె మీద మాట పట్టింపు వచ్చి ఏళ్ల స్నేహం ముభావంగా మారడం నేను చూశాను.

• ఒకే వస్తువు ఇద్దరికీ నచ్చితే ఎవరిది? ఎవరి జాబితాలో ముందుగా రాసి ఉంటే వారిది. ఎవరి జాబితాలోనూ లేకపోతే ముందు ధర అడిగినవారిది.
• రైలు, గది, కారు, భోజనం ఖర్చు సగం సగం. లారీ ఖర్చు మాత్రం ఎవరి సామాను ఎంత చోటు పట్టిందో దాన్నిబట్టి.
• తోడు వచ్చినవారికి "వద్దు" అనే హక్కు ఒక్కసారి ఉంటుంది. ఆ ఒక్కసారి మారుమాట లేకుండా వినాలి.
• బేరం ఒకరే చేయాలి. రెండో మనిషి వస్తువును తిప్పి, వంచి, తట్టి చూస్తుండాలి.

4. ఎక్కడ వెతకాలి

డబ్బు పెట్టేముందు చుట్టాల ఇళ్లు వెతకండి. భోగికి ముందు రెండు వారాలు ఇందుకు సరైన సమయం. అటకలు దులిపి, విరిగిన కుర్చీలనూ మూత పోయిన పెట్టెలనూ భోగిమంటకో చెత్తబండికో సిద్ధం చేసే రోజులవి. "అత్తయ్యా, పారేసేముందు నాకొక ఫొటో పంపించండి" అని నెల్లూరుకో, చిత్తూరుకో, ఒంగోలుకో ఒక్క ఫోను చేస్తే చాలు. మీ అపార్టుమెంటు కాపలాదారుకు కూడా చెప్పి ఉంచండి. ఏ ఫ్లాటు ఖాళీ అవుతోందో అందరికంటే ముందు ఆయనకే తెలుస్తుంది.

ఊళ్లో కొనాలంటే ఇత్తడి, రాగి, కంచు సామానుకు ప్యారిస్ కార్నర్, సౌకార్‌పేట పాత్రల కొట్లు చూడండి. పాత పాత్రలను తూకానికి మార్పిడి చేసే కొట్టుల్లో, కరిగించడానికి పక్కన పడేసిన కుప్పలోనే మంచివి దొరుకుతాయి. అక్కడ తెలుగులో బేరం చేసుకోవచ్చు కూడా. బొమ్మల కొలువు బొమ్మలకు మైలాపూరు ఉత్తర మాడవీధి. పెద్దవారు మూర్ మార్కెట్‌కు వెళ్లమంటారు. వారు చెప్పే ఆ పాత భవనం 1985లో అగ్నికి ఆహుతైంది, దానికోసం తిరగకండి.

పెద్ద సామానుకు, అసలైన ఎంపికకు మాత్రం చెట్టినాడు ప్రాంతంలోని కారైకుడి వెళ్లాల్సిందే.

5. కారైకుడి ప్రయాణం

చెన్నై నుంచి సుమారు 400 కిలోమీటర్లు. పల్లవన్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం బయలుదేరి రాత్రికి చేరుస్తుంది. రామేశ్వరం వైపు వెళ్లే రాత్రి రైళ్లలో కొన్ని తెల్లవారుజామున కారైకుడిలో దింపుతాయి. నేనైతే రాత్రి రైలుకే ఓటేస్తాను, గది అద్దె మిగులుతుంది. రైలు ఎగ్మూరు నుంచా, తాంబరం నుంచా అన్నది టికెట్ మీద సరిచూసుకోండి.

వెళ్లడానికి అనువైన కాలం సంక్రాంతి సెలవులు గడిచాక, జనవరి చివర నుంచి మార్చి దాకా. కర్తరి ఎండల్లో అక్కడి కొట్ల రేకుల షెడ్లలో నిలబడలేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు. తడిసిన చెక్క బరువు, రంగు రెండూ మోసం చేస్తాయి.

పాత సామాను కొట్లన్నీ మునీశ్వరన్ కోవిల్ వీధిలో వరసగా ఉంటాయి. అక్కడి పాత వర్తక కుటుంబాలైన చెట్టియార్ల పెద్ద ఇళ్లు విప్పినప్పుడు వచ్చిన బర్మా టేకు స్తంభాలు, తలుపులు, పెట్టెలు, ఎనామిల్ గిన్నెలు, జాడీలు, అద్దాలు, గాజు దీపాలు అక్కడికే చేరతాయి. అడగడానికి తమిళం పేర్లు దగ్గర ఉంచుకుంటే పని సులువు: ఉయ్యాలకు ఊంజల్, పోపుల పెట్టెకు అంజరైపెట్టి, దీపపు సెమ్మెకు కుత్తువిళక్కు, వెడల్పాటి కంచు గిన్నెకు ఉరుళి. ఇక్కడ హిందీ అక్కరకు రాదు.

మొదటి పూట ఏమీ కొనకండి. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి, నచ్చినవాటి ఫొటో తీసి ధర రాసుకోండి, భోజనం చేయండి. అదే రకం పెట్టె మూడు కొట్లలో మూడు ధరలకు కనిపిస్తుంది. మధ్యాహ్నం తిరిగి వెళ్లినప్పుడు సగం మోజు దానంతటదే తగ్గి ఉంటుంది.

కారు మాట్లాడుకుంటే అదే రోజు ఆత్తంగుడికి కూడా వెళ్లవచ్చు. అక్కడి నేల పలకలను గాజు మీద రంగు పోసి, వెనక ఇసుక, సిమెంటు నింపి అచ్చులో చేస్తారు, కాల్చరు. నాలుగైదు పలకలు తెచ్చుకుంటే పాత ఇనుప చట్రం మీద పరిచి చిన్న బల్ల చేసుకోవచ్చు. ఇవి బరువు, అంచులు త్వరగా రాలతాయి. చేతి సంచిలో మధ్య మధ్య గుడ్డ పెట్టి నిలువుగా సర్దండి. బాత్రూములు కడిగే ఆసిడ్ వీటికి తగలనివ్వవద్దు.

6. కొట్టులో పరీక్ష

వెంట ఉండాల్సినవి: టేపు, చిన్న టార్చి, అయస్కాంతం, పాత టూత్‌బ్రష్, తెల్లగుడ్డ.

చెక్క వస్తువు. ముందువైపు కాదు, వెనకా కిందా చూడండి. సొరుగు పూర్తిగా బయటికి లాగి తిరగేయండి. పక్కపలకలు ఒకదానిలో ఒకటి దూరిన పళ్లతో కలిసి ఉంటే చేతిపని. మేకులు కొట్టి జిగురు పూసి ఉంటే కొత్తదో, మరమ్మతు అయినదో. మరమేకుల తల మీద తీసివేత గుర్తులా ఒకే గీత ఉంటే పాతవి కావచ్చు. కూడిక గుర్తులాంటి గాడి 1930ల తర్వాత వాడుకలోకి వచ్చినది. అయితే ఒక్క కొత్త మరమేకు కనిపించగానే నకిలీ అని తేల్చేయకండి, మధ్యలో ఎవరో బాగుచేయించి ఉండవచ్చు. అన్నీ కొత్తవైతేనే అనుమానించాలి.

అరుగుదల కూడా చూడాలి. కుర్చీ చేతుల చివర్లు, సొరుగు పిడి చుట్టూ, కాళ్ల అడుగున సహజంగా అరుగుతాయి. అంతటా సమానంగా నల్లబడి, సందుల్లో కూడా ఒకే రంగు ఉంటే పాతదనం రంగుడబ్బాలోంచి వచ్చిందన్నమాట. తెల్లగుడ్డ తడిపి ఒక మూల గట్టిగా రుద్దండి. గోధుమరంగు గుడ్డకు అంటుకుంటే మళ్లీ ఆలోచించండి.

పుచ్చు పరీక్ష ఇంకా ముఖ్యం. గుండుసూది తలంత రంధ్రాలు ఉండటం తప్పు కాదు. ఆ రంధ్రాల కింద మెత్తటి పిండి రాలుతుంటే లోపల పురుగు బతికే ఉందని అర్థం. టూత్‌బ్రష్‌తో దులిపి, ఆ చోటు చేతితో తట్టి చూడండి. బోలుగా మోగితే వదిలేయండి. చెద మట్టి గీతలు వెనక పలక మీద ఉంటే పలక ఒక్కటే మార్చవచ్చా, కాళ్లకూ పాకిందా అని చూడాలి. కాళ్లు తిన్నది కొనవద్దు.

ఇత్తడి. అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. అడుగున, పిడి మొదట్లో టంకం అతుకులు చూడండి. బిందెలూ గంగాళాలూ తూకం మీద అమ్మేవైతే తూకం మీ కళ్ల ముందు జరగాలి. వంటకు వాడాలనుకుంటే లోపల కళాయి (తగరపు పూత) వేయించుకోవాలి; కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు, పెరుగు పెట్టకూడదు.

జాడీలు. వేలి కణుపుతో కొట్టండి. గణగణ మోగాలి. మొద్దుగా మోగితే కంటికి కనిపించని బీట ఉన్నట్టే.

ఎనామిల్ గిన్నెలు. పెచ్చు లేచినవి అలంకారానికే. పాత ఎనామిల్ రంగుల్లో సీసం, కాడ్మియం ఉండే అవకాశం ఉంది కాబట్టి అందులో తినకండి, పిల్లలకు పాలు పోయకండి.

అద్దాలు. అంచుల నల్లమచ్చలు పోవు. అవి ఇష్టమైతేనే కొనండి.

7. ముట్టుకోకూడనివి

ఇక్కడ బేరం లేదు. దేవాలయాల నుంచి వచ్చినట్టు అనిపించే రాతి, పంచలోహ విగ్రహాలు ఎంత చవకైనా వద్దు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు, 75 ఏళ్లు దాటిన రాతప్రతులు పురావస్తువుల కిందకు వస్తాయి. వాటిని అమ్మడానికి లైసెన్సు కావాలి, విగ్రహాల్లాంటి కొన్ని రకాలను నమోదు చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి గృహప్రవేశం కానుకగా పంపుదామనుకునేవారు ఈ మాట గుర్తుంచుకోండి. ఏనుగు దంతం పొదిగిన పెట్టెలు, జింక కొమ్ముల గోడతగిలింపులు వన్యప్రాణి చట్టం కిందకు వస్తాయి. "పాతదే కదమ్మా, ఏమీ కాదు" అని అమ్మేవాడు అంటాడు. కేసు కొన్నవాడి మీద కూడా పడుతుంది.

8. బేరం, బిల్లు, లారీ

విడివిడిగా బేరం చేయకండి. కావలసినవన్నీ ఒకచోట పెట్టించి, మొత్తానికి ఒక ధర అడగండి. లోపాలను ఎత్తిచూపండి, వస్తువును మాత్రం తీసిపారేసినట్టు మాట్లాడకండి. దశాబ్దాలుగా ఈ వ్యాపారంలో ఉన్నవారికి అది నచ్చదు, నచ్చాల్సిన అవసరమూ లేదు.

ధర కుదిరాక బిల్లు మీద వస్తువు వర్ణన, కొలతలు, లోపాలు, ధర, సామాను చేర్చాల్సిన తేదీ రాయించుకోండి. డబ్బు చెల్లించేముందు ప్రతి వస్తువును అన్ని వైపులా ఫొటో తీయండి, అడుగున సుద్దతో మీ పేరు రాయండి. లారీ వారే మాట్లాడిపెడతారు. గాజు, అద్దం మాత్రం లారీకి ఇవ్వకుండా మీతో తెచ్చుకోవడం మంచిది. మూలలకు గోనెసంచి, ఎండుగడ్డి కట్టమనండి; పాలిష్ ఉన్న చెక్కకు నేరుగా ప్లాస్టిక్ చుట్టనివ్వవద్దు, దారిలో వేడికి అది అంటుకుని అచ్చు దిగుతుంది. కొంత డబ్బు సామాను ఇంటికి చేరాక ఇస్తామని ముందే ఒప్పించుకోండి.

9. ఇంట్లోకి తెచ్చాక మొదటి రెండు వారాలు

నేరుగా హాల్లో పెట్టేయకండి. బాల్కనీలోనో, వాడని గదిలోనో విడిగా ఉంచండి. చెక్క వస్తువు కింద నల్ల కాగితం పరవండి. రెండు వారాల్లో దాని మీద లేతరంగు పిండి రాలితే పుచ్చు బతికి ఉందని అర్థం.

అప్పుడు చేయాల్సింది: హార్డ్‌వేర్ కొట్టులో దొరికే, చెక్క పురుగుకు వాడే మందు తెచ్చి, సిరంజితో ఒక్కో రంధ్రంలోకి ఎక్కించాలి. చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు, కిటికీలు తెరిచి. రంధ్రాన్ని మైనంతో మూసేయాలి. మరో రెండు వారాలు కాగితం మీద కన్నేసి ఉంచాలి. రంధ్రాలు మూసి ఉన్నాయి కాబట్టి మళ్లీ పిండి కనిపిస్తే కొత్త రంధ్రం పడిందన్నమాట, మళ్లీ మందు. పాలిష్ మీద పైపైన మందు పూస్తే లోపలికి దిగదు, దండగ.

పురుగు చస్తుందని చెక్కను ఎర్రటి ఎండలో పెట్టేవారున్నారు. చెన్నై ఎండకు పలకలు విచ్చుకుంటాయి, పురుగు మాత్రం లోపల చల్లగా ఉంటుంది. పెట్టె లోపలి ముక్కవాసనకు మూత తెరిచి నీడలో గాలి తగలనివ్వండి, బొగ్గుముక్కలు గుడ్డలో కట్టి ఉంచండి. అప్పటికీ పోకపోతే లోపలివైపు పలచగా లక్క పాలిష్ ఒక పూత వేస్తే వాసన లోపలే ఆగిపోతుంది.

10. చెక్కకు మెరుగు

అసలు మెరుగు పెట్టాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. పది వస్తువుల్లో ఎక్కువభాగానికి కావలసింది శుభ్రం చేయడమే. మెత్తటి సబ్బునీళ్లలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడవండి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టండి. జిడ్డు వదలకపోతే టర్పెంటైన్ కొద్దిగా. ఇంతలోనే చెక్క రంగు తేలుతుంది. పాత పూతను గీకి కొత్తది చేసేయాలనే ఉత్సాహం మేస్త్రీలకు ఉంటుంది, మీరు ఆపాలి. యాభై ఏళ్ల చేతి స్పర్శకు వచ్చిన నునుపు ఏ పాలిష్‌కూ రాదు.

పూత నిజంగా పోయి ఉంటే, ఇదీ వరస.

మొదట, పాత పూత ఏమిటో తెలుసుకోండి. కనపడని చోట దూదిని పాలిష్ స్పిరిట్‌లో ముంచి అద్దండి. జిగురుగా మెత్తబడితే లక్క పాలిష్, దాని మీద మళ్లీ లక్కే వేసుకోవచ్చు. స్పిరిట్‌కు కదలక థిన్నర్‌కు కరిగితే లాక్కర్. దేనికీ కదలకపోతే ఈమధ్య వేసిన పాలీయూరిథేన్ అనే గట్టి పూత.

రంగు వేసిన వస్తువైతే ఇక్కడ ఆగండి. పాత పెయింట్లలో సీసం ఉండేది. మన దేశంలో ఇళ్ల పెయింట్లలో సీసాన్ని 90 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 90) పరిమితం చేసిన నిబంధన 2017 నవంబరులోనే అమలులోకి వచ్చింది. పొడిగా రుద్దవద్దు, మంటతో కాల్చవద్దు. తడిపి రుద్దాలి, మాస్కు ఉండాలి, పిల్లలూ గర్భిణులూ ఆ దగ్గర ఉండకూడదు. నన్నడిగితే, పైపొర గట్టిగా ఉన్న పాత రంగును అలాగే ఉంచి తుడుచుకుని వాడుకోవడమే ఉత్తమం.

తర్వాత గరుకు కాగితం. చెన్నై కొట్టుల్లో ఉప్పుత్తాళ్ అని అడగాలి. 120 నంబరుతో మొదలుపెట్టి 180, చివర 220. ఎప్పుడూ చెక్క గీతల వెంబడే రుద్దాలి, అడ్డంగా వద్దు. అడ్డంగా పడిన గీత అప్పుడు కనిపించదు, పాలిష్ పడ్డాక వెక్కిరిస్తుంది. పలచటి పైపొర అంటించిన వస్తువులను 220తోనే, తేలికచేత్తో. దుమ్మంతా తుడిచేయండి.

ఆ తర్వాత లక్క. లీటరు స్పిరిట్‌కు 150 నుంచి 200 గ్రాముల లక్క పెచ్చులు గాజుసీసాలో వేసి రాత్రంతా నాననివ్వండి, మధ్యమధ్య కదపండి, ఉదయం పలచటి గుడ్డలో వడకట్టండి. ఇనుప డబ్బాలో కలపవద్దు, రంగు నల్లబడుతుంది. దూదిఉండను ఉతికిన పాత పంచె గుడ్డలో చుట్టి, లక్కలో ముంచి, పిండి, ఒక చివర నుంచి మరో చివరకు ఆగకుండా లాగండి. వెనక్కి వచ్చి మళ్లీ అదే చోట రుద్దవద్దు. ఒక్కో పూత పలచగా ఉండాలి, అరగంట నుంచి గంట ఆరాలి. మూడో పూత తర్వాత 400 నంబరుతో అతి తేలికగా ఒకసారి రుద్ది తుడవండి. ఆరేడు పూతలకు లోతు వస్తుంది.

స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. వంటగదికి దూరంగా, దీపం, అగరొత్తి లేని చోట చేయండి. లక్కకు బదులు అవిసె నూనె వాడేవారు గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుట్టి గుడ్డలు తమంతట తామే మండగలవు. నీళ్లలో ముంచి, విడదీసి ఆరబెట్టి పారేయండి.

ఒక హెచ్చరిక: కాఫీ గ్లాసులు పెట్టే బల్లకు లక్క పనికిరాదు. వేడికీ నీటికీ తెల్లటి వలయం పడుతుంది. దానికి పాలీయూరిథేన్ వేయించండి, లేదా పైన గాజు పరవండి.

11. ఇత్తడి, పేము, కరెంటు

ఇత్తడికి చింతపండు, ఉప్పు, పీతాంబరి. మనకు నేర్పాల్సిన పని కాదు. రెండు జాగ్రత్తలు మాత్రం. పైన లాక్కర్ పూత ఉన్న అలంకార వస్తువులను చింతపండుతో తోమితే పూత మచ్చలుమచ్చలుగా లేస్తుంది. అలాగే, తోమిన వెంటనే పూర్తిగా తుడిచి, కొబ్బరినూనె చుక్క గుడ్డకు రాసి అద్దకపోతే, సముద్రపు గాలికి వారంలో మళ్లీ నల్లబడిపోతుంది. అడయారు, బెసంట్ నగర్‌లో ఉండేవారికి ఇది తెలిసిన బాధే. నెలకోసారి తోమే ఓపిక లేకపోతే నల్లగానే ఉంచండి, అదీ అందమే. గంగాళంలో మొక్క పెడితే మట్టి నేరుగా పోయకుండా లోపల ప్లాస్టిక్ కుండీ పెట్టండి.

పేము కుర్చీ సీటు కుంగితే వెంటనే కొత్తగా అల్లించకండి. కుర్చీని తిరగేసి, అడుగువైపు గోరువెచ్చని నీళ్లు అద్ది, నీడలో ఆరనివ్వండి. తెగని పేము బిగుసుకుంటుంది.

పాత దీపాలు, ఫ్యాన్లు అందంగా ఉంటాయి, లోపలి వైర్లు ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంటాయి. కొట్టులో వెలిగించి చూపించారన్నది ధైర్యం కాదు. వైరు, హోల్డరు, ప్లగ్గు మొత్తం కొత్తవి వేయించి, లోహపు దీపాలకు ఎర్తింగు ఇప్పించాకే వాడండి. ఇది ఎలక్ట్రీషియన్ పని, మీ పని కాదు.

12. అమర్చడం

గదికి ఒక పెద్ద పాత వస్తువు చాలు. చుట్టూ కొత్తవి, తేలికవి ఉంటేనే అది కనిపిస్తుంది. అన్నీ పాతవే నింపితే హాలు సినిమా సెట్టులా తయారవుతుంది, వచ్చినవారు ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడతారు.

గోడకు తగిలించేముందు, అద్దె ఇల్లయితే, ఇంటివారిని వాట్సాప్‌లో అడిగి అనుమతి రాతలో ఉంచుకోండి. గోడ తట్టి చూడండి. తేలికపాటి బ్లాకుల గోడకు వేరే రకం ప్లగ్గులు కావాలి. స్విచ్చి బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రం వేయవద్దు, వైర్లు అటే వెళ్తాయి. బరువైన అద్దాన్ని దాని పాత కొక్కెం మీద నమ్మకండి, వెనక కొత్త పట్టీలు వేయించండి.

ఉయ్యాల బల్లను ఫ్యాను కొక్కేలకు కట్టాలనే ఆలోచన అందరికీ వస్తుంది. ఆ కొక్కెం ఫ్యాను బరువుకు వేసింది, ఊగే ఇద్దరు మనుషులకు కాదు. అద్దె ఇంట్లో ఇనుప స్టాండే దారి.

13. తరచూ వచ్చే తిప్పలు, విరుగుళ్లు

• పాలిష్ తెల్లబారింది: తేమ ఉన్న రోజు పూత వేశారు. వాన లేని పొడిరోజు, ఎండ వచ్చాక, స్పిరిట్ తడిపిన గుడ్డతో ఒక్కసారి మెత్తగా లాగండి, చాలావరకు తేరుకుంటుంది.
• సొరుగు బిగుసుకుంది: వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది. చిత్రిక పట్టించకండి. పట్టాల మీద కొవ్వొత్తి రుద్ది జనవరి దాకా ఆగండి.
• ఒక కాలు పొట్టి, వస్తువు ఊగుతోంది: పొడవు కాళ్లను కోయవద్దు. పొట్టి కాలికి అడుగున చెక్కముక్క అంటించండి.
• నేల తుడిచిన నీళ్లకు కాళ్లు నల్లబడుతున్నాయి: నాలుగు కాళ్లకూ నైలాను బుష్‌లు కొట్టించండి.
• గోడవైపు బూజు: వస్తువుకూ గోడకూ మధ్య రెండంగుళాల ఖాళీ వదలండి.
• ఇంటికి చేరాక కొత్తగా విరిగిన చోటు కనిపించింది: లారీ మనిషి వెళ్లకముందే ఫొటో తీసి కొట్టుకు పంపండి, మిగిలిన డబ్బు విషయం అప్పుడే మాట్లాడండి.

కింది అంతస్తులో ఉండేవారికి మరో మాట. 2015 డిసెంబరు వరదల్లో నీళ్లలో నానిన టేకు చాలామటుకు బతికింది, ప్లైవుడ్ విచ్చుకుపోయింది. అయినా అక్టోబరు రాగానే భోషాణాన్ని ఇటుకల మీదికి ఎక్కించండి, అందులోని కాగితాలూ పట్టుచీరలూ పైఅంతస్తు స్నేహితుల ఇంటికి చేర్చండి. తడిసిన చెక్కను ఎండలో పెట్టవద్దు. సొరుగులన్నీ తీసి, ఫ్యాను కింద నెమ్మదిగా ఆరనివ్వాలి, అందుకు నెల పట్టినా సరే.